కొత్తది ఎక్కడ ఆగుతుంది?

(ఒడిశా గజపతి జిల్లా పర్లాకిమిడిలో మహిళా సంఘాల ప్రతినిధులు, ఉపాధ్యాయులు, డిగ్రీ విద్యార్థుల ముందు ఇచ్చిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

అధ్యక్షులవారు పరిచయం చేస్తూ, ఏ కొత్త విషయం నిలబడుతుందో ఏది పోతుందో ముందే చెప్పే మనిషినని అనేశారు. అంత మనిషినైతే ఈపాటికి షేర్ మార్కెట్లో ఉండేవాణ్ణి, ఈ మైకు ముందు కాదు. (నవ్వులు) నాకు చేతనైంది అంతకన్నా చిన్న పని. ఒక కొత్త విత్తనమో, కొత్త పొయ్యో, కొత్త అలవాటో ఊళ్ళోకి వస్తే దాన్ని ఎంతమంది పట్టుకుంటారో చెప్పలేను. ఆ ఊళ్ళో ఎవరికి ఎవరితో రాకపోకలున్నాయో తెలిస్తే మాత్రం, అది నడిచి నడిచి ఏ గుమ్మం ముందు ఆగిపోతుందో చాలాసార్లు చెప్పొచ్చు.

స్వర్ణ వరితో మొదలుపెడతాను. ఈ హాల్లో ఆ అన్నం తినని మనిషి ఉండరు. ఎం.టి.యు. 7029 అంటారు దాన్ని. పశ్చిమ గోదావరి జిల్లా మారుటేరు పరిశోధన కేంద్రంలో పుట్టింది, 1982లో విడుదలైంది. అక్కణ్ణుంచి ఇచ్ఛాపురం దాటి గంజాం, గజపతి, కటక్ మీదుగా బెంగాల్ దాకా పోయింది. ఎరువు కాస్త తగ్గినా పండుతుందని రైతు రైతుకు చెప్పుకున్నాడు, కొట్టువాడు తెచ్చి అమ్మాడు. దానికున్న లోటల్లా ఒక్కటే, వరదలో మునిగితే కుళ్ళిపోయేది. ఆ లోటు తీర్చింది మళ్ళీ ఒడిశా విత్తనమే. ఇక్కడి ధలపుటియా అనే దేశవాళీ వరి నుంచి వేరుచేసిన ఎఫ్.ఆర్. 13ఎ అనే రకంలో మునకను తట్టుకునే గుణం ఉంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థవాళ్ళు ఆ గుణాన్ని స్వర్ణలోకి ఎక్కించారు. 2009లో మనకు స్వర్ణ సబ్-1 వచ్చింది. రెండు వారాల దాకా నీళ్ళలో ఉన్నా బతుకుతుంది. మిగతా అన్నిటిలో పాత స్వర్ణే. ఆంధ్రా గింజకూ ఒడిశా గింజకూ పుట్టిన బిడ్డ అన్నమాట, మన వీధుల్లో చాలామంది పిల్లల్లాగే.

ఇంత మంచి విత్తనం ఊళ్ళో దానంతట అదే పాకాలి కదా? కైల్ ఎమెరిక్ అనే ఆర్థికవేత్త ఒడిశా పల్లెల్లోనే దీన్ని పరీక్షించారు, ఫలితాలు 2018లో అచ్చయ్యాయి. కొన్ని ఊళ్ళలో కొద్దిమంది రైతులకు విత్తనమిచ్చి, పండాక మీలో మీరు ఇచ్చిపుచ్చుకోండని వదిలేశారు. ఇంకొన్ని ఊళ్ళలో ఇంటింటికీ వెళ్ళి అమ్మారు. గుమ్మంలోకి వచ్చి అమ్మిన చోట కొన్నవాళ్ళు చాలా ఎక్కువ. వదిలేసిన ఊళ్ళలో విత్తనం చేతులు మారింది చాలా తక్కువ, మారినది కూడా ఎక్కువగా ఒకే కులంవాళ్ళ మధ్య, ఒకే ఇంటిపేరువాళ్ళ మధ్య. కావాలనుకున్నవాళ్ళు వీధి చివర ఉన్నారు, విత్తనం వీధి మొదట్లో ఉంది. మధ్యలో ఇంటిపేరు అడ్డం నిలబడింది.

మరి పాత స్వర్ణ రెండు రాష్ట్రాలెలా దాటింది? దానికి ఏళ్ళూ పూళ్ళూ దొరికాయి, విత్తనాల కొట్లు దొరికాయి. కొట్టువాడు డబ్బులు లెక్కపెట్టుకుంటాడు గానీ నీ ఇంటిపేరేమిటని అడగడు. ఊళ్ళో సంబంధాల వల వేరు, బజారు వల వేరు. కొత్తదాని గురించి అంచనా కట్టేవాడు మొదట అడగాల్సింది ఇది ఏ వల మీద నడుస్తోందని.

కొత్తవి ఎలా పాకుతాయనే ఈ చదువుకు మూలం అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఉంది. అక్కడ 1928లో హైబ్రిడ్ మొక్కజొన్న విత్తనం అమ్మకానికొచ్చింది. దిగుబడి ఐదో వంతు ఎక్కువ. బ్రైస్ రయాన్, నీల్ గ్రాస్ అనే ఇద్దరు 259 మంది రైతుల్ని కలిసి, ఏ ఏడు మొదలుపెట్టారు, ఎవరి దగ్గర విన్నారు, ఎవరిని చూసి నమ్మారు అని ఒక్కొక్కరినీ అడిగి 1943లో అచ్చువేశారు. 1941 నాటికి ఇద్దరు తప్ప అందరూ అందులోకి వచ్చేశారు. అంత లాభమున్న విత్తనానికి 13 ఏళ్ళు పట్టింది చూడండి. వాళ్ళు మొదట విన్నది విత్తనాల ఏజెంటు దగ్గర. నమ్మింది పక్క చేను చూసి. ఆ విన్న రోజుకూ విత్తిన రోజుకూ మధ్య ఏళ్ళు గడిచాయి.

ఎవరెట్ రోజర్స్ ఆ అయోవా రైతు బిడ్డే. వాళ్ళ నాన్నగారికి కొత్త యంత్రమంటే మహా సరదా, ఈ విత్తనాన్ని మాత్రం దగ్గరకు రానివ్వలేదు. 1936 కరువులో పక్కవాళ్ళ పైరు నిలబడి తమది వాడిపోయాక అప్పుడు దిగివచ్చారు. కొడుకు 1962లో ఈ విషయం మీద పెద్ద పుస్తకమే రాశారు. ముందుగా దిగేవాళ్ళు నూటికి రెండున్నర, వాళ్ళ వెనక పదమూడున్నర, ఆ తర్వాత 34, మళ్ళీ 34, చివరికి 16 అని జనాన్ని ఐదు వాటాలు వేశారు. డిగ్రీ పిల్లలు పరీక్షకు బట్టీ పడతారు, పట్టండి, మార్కులొస్తాయి. నాకైతే ఆ వాటాల మీద పెద్ద నమ్మకం లేదు. మనిషి పుట్టుకతో వెనకబాటువాడూ కాడు, ముందుచూపువాడూ కాడు. ఒకదాంట్లో ముందుంటాడు, ఇంకోదాంట్లో వెనకుంటాడు. రోజర్స్ నాన్నగారే దానికి సాక్షి.

లెక్కల మాస్టార్లు వచ్చారు గనుక ఫ్రాంక్ బాస్ సూత్రం గురించి రెండు ముక్కలు. 1969లో ఇచ్చారు. ప్రచారం చూసి కొనేవాళ్ళకు ఒక అంకె, కొన్నవాళ్ళను చూసి కొనేవాళ్ళకు ఇంకో అంకె. ఈ రెండూ తెలిస్తే అమ్మకాలు ఎప్పుడు పెరుగుతాయో ఎప్పుడు తగ్గుతాయో గీత గీసి చూపించొచ్చు. కంపెనీలు ఇప్పటికీ వాడతాయి. కాకపోతే ఆ అంకెలు రెండూ సరిగ్గా తేలేసరికి సగం సరుకు అమ్ముడైపోతుంది. పైగా ఆ సూత్రం దృష్టిలో ఊరంటే ఒక పెద్ద గది, అందులో అందరికీ అందరూ తెలుసు. ఎవరు ఎవరింట మంచినీళ్ళు తాగుతారో దానికి అక్కర్లేదు. మనకు అక్కడే పని.

కొత్తవాటిని నేను రెండు రకాలుగా చూస్తాను. కొన్నిటికి కబురు చాలు. కొన్నిటికి తోడు కావాలి.

ఫలానా ఆఫీసులో దరఖాస్తులు తీసుకుంటున్నారు, ఫలానా బండి రేపట్నుంచి నడవదు, ఇలాంటివి ఒక్కరు చెప్తే చాలు. వీటికి దూరపు పరిచయాలే మేలు. మార్క్ గ్రానోవెటర్ అనే సమాజ శాస్త్రవేత్త 1973లో ఉద్యోగాల విషయంలో చెప్పింది అదే. మన దగ్గరివాళ్ళకు తెలిసింది మనకూ తెలిసే ఉంటుంది, తెలియనిది ముఖపరిచయం ఉన్నవాడి నోటి నుంచే వస్తుంది. మన సరిహద్దు ఊళ్ళకు ఇలాంటి దూరపు దారాలకు కొదవ లేదు. పాతపట్నం వాగవతల ఊరే. సంతకు అటువాళ్ళు ఇటొస్తారు, ఇటువాళ్ళు అటు పోతారు. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడికి వేసిన చిన్నరైలు 1931కి గుణుపూర్ దాకా పోయింది, దానితోపాటు కబుర్లూ పోయాయి. గంజాం కుర్రాళ్ళు సూరత్ మరమగ్గాల దగ్గరున్నారు. అక్కడ పని ఖాళీ అయిందన్న మాట ఆ పూటే ఇక్కడి గుమ్మంలో వాలుతుంది.

రెండో రకం వేరు. ఖర్చున్నవి, నలుగురూ నవ్వుతారేమో అనిపించేవి, పక్కవాళ్ళూ చేస్తేనే పనికొచ్చేవి. ఒకరు చెప్తే వింటాం. ఇద్దరు చేస్తే చూస్తాం. ముగ్గురో నలుగురో మనకు కావలసినవాళ్ళు చేస్తే అప్పుడు కదులుతాం. డేమన్ సెంటోలా 2010లో దీన్ని పరీక్షకు పెట్టారు. 1,528 మందిని ఇంటర్నెట్‌లో జట్లుగా కట్టి, సగం జట్లలో స్నేహితుల స్నేహితులు కూడా ఒకరికొకరు తెలిసేట్టు, తక్కిన సగంలో దారాలు ఎటుబడితే అటు పోయేట్టు అల్లారు. ఆరోగ్యానికి సంబంధించిన ఒక వేదికలో చేరడం పని. దూరపు దారాల వలలో వేగం ఎక్కువ ఉండాలనేది పాత నమ్మకం. జరిగింది తిరగబడింది. దగ్గరి గుంపుల్లో నూటికి 54 మంది చేరారు, దూరపు వలలో 38 మంది. ఒకే మాట ఇద్దరు ముగ్గురు తెలిసినవాళ్ళ నుంచి రావడమే అక్కడ పనిచేసింది.

ఇప్పుడు గ్రానోవెటర్ గారిదే ఇంకో లెక్క, 1978ది. ఆయన అల్లరిమూకల ఉదాహరణతో చెప్పారు, నేను మరుగుదొడ్ల ఉదాహరణతో చెప్తాను. వీధిలో 100 ఇళ్ళున్నాయి. మొదటి ఇల్లు ఎవరూ కట్టకపోయినా కడుతుంది. రెండో ఇల్లు ఒక్కరు కడితే కడుతుంది, మూడోది ఇద్దరు కడితే, అలా నూరో ఇల్లు 99 మంది కట్టాక కడుతుంది. మొదటివాడు కడతాడు, అతన్ని చూసి రెండోవాడు, వరసగా వీధంతా అయిపోతుంది. ఇప్పుడు ఒక్క మార్పు చేయండి. రెండో ఇంటాయన "ఒక్కరు చాలరు, ఇద్దరు కట్టాలి" అన్నాడనుకోండి. మొదటివాడు కడతాడు. ఇంకెవరూ కదలరు. ఒక వీధిలో నూరు కట్టారు, ఇంకో వీధిలో ఒకటి. సర్వేకి వెళ్ళి అడిగితే రెండు వీధుల అభిప్రాయాలూ అచ్చుగుద్దినట్టు ఒకటే. తేడా ఒక్క మనిషిలో, అదీ ఒక్క అంకె. అభిప్రాయ సేకరణ చేసి "ప్రజల్లో సుముఖత 70 శాతం ఉంది" అని రిపోర్టు రాసేవాళ్ళను చూస్తే నాకు జాలేస్తుంది.

ఈ లెక్క పుస్తకంలోదే అనుకోకండి. బరంపురం పక్కన మొహుడాలో గ్రామ్ వికాస్ అనే స్వచ్ఛంద సంస్థ ఉంది, 1979లో మొదలైంది. జో మడియత్ గారు 1971 తుపాను సాయానికి మద్రాసు నుంచి విద్యార్థులతో ఒడిశా వచ్చి ఇక్కడే ఉండిపోయినవారు. వాళ్ళు ఊళ్ళలో మరుగుదొడ్డి, స్నానాలగది, కుళాయి మూడూ కలిపి పెట్టడానికి ఒక షరతు పెట్టారు. ఊళ్ళో ప్రతి ఇల్లూ ఒప్పుకోవాలి. ఒక్క ఇల్లు కాదన్నా పని మొదలుకాదు. ఇంటికి సగటున 1,000 రూపాయలు ఊరి నిధిలో వేయాలి, ఉన్నవాళ్ళు ఎక్కువ, లేనివాళ్ళు తక్కువ. అన్ని ఇళ్ళవాళ్ళూ కట్టడం పూర్తిచేస్తేనే కుళాయిలో నీళ్ళు వదిలేది. మొండి షరతే. ఒప్పుకోవడానికి కొన్ని ఊళ్ళకు చాలాకాలం పట్టేది. మీరిప్పుడు చూసిన నూరిళ్ళ లెక్కతో పోల్చండి. అందరికీ అంకె ఒకటే అయిపోయింది: అందరం లేదా ఎవరూ లేరు. రెండో ఇంటాయన మొండికేస్తే వీధి మొత్తం అతని గుమ్మంలో కూర్చుంటుంది. నీళ్ళు మోసే బాధ ఆడవాళ్ళది గనుక ఎక్కువసేపు కూర్చునేది ఎవరో మీకు చెప్పక్కర్లేదు.

ఫలితం? ఎస్తేర్ దుఫ్లో, మరికొందరు 2015లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం ఈ ఊళ్ళలో వైద్యం అవసరమైన విరేచనాల కేసులు 30 నుంచి 50 శాతం తగ్గాయి. దీనికి పక్కన పూరీ జిల్లా పెట్టండి. అక్కడ 100 ఊళ్ళలో ప్రభుత్వ పారిశుద్ధ్య కార్యక్రమం తీరుమీద జరిగిన పరీక్ష 2014లో లాన్సెట్ అనే వైద్య పత్రికవాళ్ళ ఇంకో పత్రికలో వచ్చింది. కార్యక్రమం నడిచిన ఊళ్ళలో దొడ్డి ఉన్న ఇళ్ళు 9 శాతం నుంచి 63 శాతానికి పెరిగాయి. పనికొచ్చే స్థితిలో ఉన్నవి చూస్తే 38 శాతం. జబ్బులు మాత్రం తగ్గలేదు. రోగం ఊరంతటిదైనప్పుడు సగం ఊరు మారితే సగం లాభం రాదు, ఇంచుమించు ఏమీ రాదు. లాభం కనపడకపోతే కట్టినవాడూ తిరిగి చెరువు గట్టుకే పోతాడు. మందకొడిగా పాకే వస్తువు అక్కడే ఆగుతుందని కాగితం మీదే చెప్పొచ్చు.

అయితే అన్నిటికీ గ్రామ్ వికాస్ మంత్రమే వేయకండి. కర్ణాటకలో సంఘాల అప్పులమీద బెనర్జీ, చంద్రశేఖర్, దుఫ్లో, జాక్సన్ అనే నలుగురు చేసిన పని 2013లో వచ్చింది. 75 ఊళ్ళలో ఎవరు ఎవరింటికి వెళ్తారు, ఎవరి దగ్గర కిరోసిన్, బియ్యం చేబదులుగా తెచ్చుకుంటారు, ఎవరితో గుడికి పోతారు అని గీసుకున్నారు. తర్వాత అప్పులిచ్చే సంస్థ 43 ఊళ్ళలోకి వెళ్ళి, టీచర్లకు, కొట్టువాళ్ళకు, సంఘం నాయకురాళ్ళకు ముందుగా చెప్పింది. ఆ మొదట విన్నవాళ్ళు ఊరి వలలో నడిమధ్య ఉన్న చోట ఎక్కువమంది చేరారు, అంచుల్లో ఉన్న చోట తక్కువ. విషయం తెలిశాక మాత్రం, పక్కింటివాళ్ళు అప్పు తీసుకున్నారా లేదా అన్నది పెద్దగా లెక్కలోకి రాలేదు. అప్పు సంగతి ఎవరికి వారికి తెలుసు, కబురు చేరడమే తరువాయి. ఇంకో ముచ్చట కూడా ఉంది. తాము తీసుకోనివాళ్ళు కూడా మాట మోశారు. చివరికి చేరినవాళ్ళలో మూడోవంతు దాకా వాళ్ళ పుణ్యమే. "నాకొద్దమ్మా, నీకేమైనా పనికొస్తుందేమో చూడు" అనే పెద్దమ్మలను మీరు లెక్కలోంచి తీసేయకూడదు.

అలాంటప్పుడు మొదట ఎవరికి చెప్పాలి? సర్పంచికా? అదే నలుగురు కర్ణాటకలో 213 ఊళ్ళలో తర్వాత చూశారు. ఊళ్ళో పెద్దలకు చెప్పిన చోటకన్నా, "ఒక మాట ఊరంతా పాకాలంటే ఎవరికి చెప్పాలి?" అని జనాన్నే అడిగి వాళ్ళు చూపించిన మనిషికి చెప్పిన చోట కబురు బాగా పాకింది. హర్యానాలో టీకాల విషయంలోనూ అలాగే జరిగింది. వల మొత్తం గీయక్కర్లేదు, ఊరికి తన వల తనకు తెలుసు. అలా పేరు బయటికొచ్చిన మనిషి చాలాసార్లు ఏ పదవీ లేని మనిషి. మీ వీధిలో ఎవరో మీ మనసుల్లో ఇప్పటికే మెదిలారు, పేర్లు పైకి చెప్పకండి.

తోడు కావలసినవాటికి ఈ ఉపాయం సరిపోదు. మలావీ దేశంలో 200 ఊళ్ళలో గుంటలు తీసి విత్తే పద్ధతిని ఊరికి ఇద్దరు రైతులకు నేర్పారు. వ్యవసాయ అధికారి తనకు నచ్చిన ఇద్దరిని ఎంచిన చాలా ఊళ్ళలో ఆ ఇద్దరి దగ్గరే చదువు ఆగిపోయింది. ఎవరో ఒకరికి ఆ ఇద్దరూ తెలిసుండేట్టు లెక్కచూసి ఎంచిన చోట మెరుగ్గా పాకింది. రైతుకు ఒక్కరి మాట చాలలేదు. 2021లో అచ్చయిన పని ఇది. మన దగ్గర ప్రదర్శన క్షేత్రాలను రోడ్డు పక్కన, జీపు ఆగే చోట, ఊరికొకటి చొప్పున జిల్లా అంతా చల్లుతారు. ఫొటోలు బాగా వస్తాయి. నన్నడిగితే పది ఊళ్ళలో పది పెట్టేకన్నా రెండు ఊళ్ళలో అయిదేసి, అవీ పక్కపక్కన పెట్టమంటాను.

నేల సంగతి వేరే చెప్పాలి. కైవన్ మున్షీ 2004లో మన హరిత విప్లవం లెక్కలు తిరగేసి చూశారు. గోధుమ రైతులు పక్కవాళ్ళ చేను చూసి త్వరగా మారారు. వరి రైతులు పక్కవాణ్ణి అంతగా పట్టించుకోలేదు. మొండితనం అనుకుంటాం. కానీ ఆ నాటి కొత్త వరి రకాలు నేలనుబట్టి, నీటినిబట్టి ఒక మడిలో ఒకలా ఇంకో మడిలో ఇంకోలా పండేవి. పక్క మడి ఫలితం నా మడికి సాక్ష్యం కాదు. అందుకని వరి రైతు తన చేనులోనే కొంచెం కొంచెం వేసి చూసుకున్నాడు. గజపతి కొండల్లో మెట్టుమెట్టుకూ నేల మారుతుంది. దిగువ గరువులో పండింది ఎగువ డొంగరవాళ్ళకు, అంటే కొండమీదివాళ్ళకు, ఏం చెప్తుంది? ఇక్కడ పొరుగువాణ్ణి చూసి మారతారని అంచనా వేసేవాడు నేల చూడకుండా వేస్తున్నాడన్నమాట.

స్నేహితుల నోట మంచే పాకుతుందనే భ్రమ కూడా వద్దు. కెన్యాలో బడిపిల్లల నులిపురుగుల మాత్రల గురించి క్రేమర్, మిగెల్ చూశారు. ముందే వాడిన బడుల్లో స్నేహితులు ఎక్కువున్న కుటుంబాలే ఆ మాత్రలు తక్కువ తీసుకున్నాయి. లాభం ఊరికి పంచుకుపోయింది, కడుపులో తిప్పడం ఒక్క పిల్లాడిది. ఉన్న మాటే పాకింది మరి.

పొయ్యిల కథ ఇంకా దగ్గరిది. గ్రామ్ వికాస్‌తోనే కలిసి ఒడిశాలో 44 ఊళ్ళు, దాదాపు 2,600 ఇళ్ళలో పొగగొట్టం ఉన్న మట్టి పొయ్యిలు పెట్టి, ఏళ్ళ తరబడి కొలిచారు. హన్నా, దుఫ్లో, గ్రీన్‌స్టోన్ దాన్ని 2016లో అచ్చువేశారు. మొదటి ఏడు పొగ తగ్గింది. తర్వాత ఆ తేడా పోయింది. గొట్టం మసిపడితే తుడవాలి, పగిలితే మెత్తాలి, పెద్ద గిన్నె పెట్టడానికి పాత పొయ్యే వీలు. జనం పెట్టించుకున్నారు, వాడకం మానేశారు. ఆ రిపోర్టు మొదటి ఏడాదే మూసేసి ఉంటే గొప్ప విజయం అని చెప్పుకునేవాళ్ళం. అందుచేత ఎవరైనా మీకు "ఇన్ని వేల ఇళ్ళకు చేర్చాం" అంటే, మూడేళ్ళ తర్వాత ఎన్ని ఇళ్ళలో వేడిగా ఉందని అడగండి. కొత్తది పాకినట్టే వదిలేయడం కూడా పాకుతుంది. అది ఇంకా నిశ్శబ్దంగా పాకుతుంది, దానికి ఏ ప్రారంభోత్సవమూ ఉండదు.

పర్లాకిమిడిలో నిలబడి గిడుగు వారి పేరెత్తకుండా దిగిపోతే మీరు క్షమించరు. 1880లో ఈ ఊరి బడికి టీచరుగా వచ్చారు. కొండల్లో సవరల భాష నేర్చుకుని, వాళ్ళకు బడులు పెట్టి, 1938లో సవర నిఘంటువు దాకా తీసుకెళ్ళారు. వ్యావహారిక భాషను బడిలోకి తేవడానికి ఆయన, గురజాడ, బడుల ఇన్‌స్పెక్టరు యేట్సు దొర పట్టిన పట్టు మీకు తెలుసు. పరీక్షల్లో దానికి చోటిచ్చినట్టే ఇచ్చి 1914 ప్రాంతంలో వెనక్కి తీసుకున్నారు. ఎందుకాగింది? నా లెక్క ఇది: బడి అంటే పిల్లాడు, టీచరు, పుస్తకం రాసేవాడు, పేపరు దిద్దేవాడు, నలుగురూ ఒకేసారి మారాలి. పిల్లాడొక్కడే మారితే సున్నా మార్కులు. తోడు కావలసినవాటిలో ఇంతకంటే గట్టిది దొరకదు. కథ రాసేవాడికి అలా కాదు, ఒక్క సంపాదకుడు ఒప్పుకుంటే చాలు. నాటకానికి చప్పట్లు చాలు. అందుకే బడిలో ఓడినది కథల్లో, నాటకాల్లో, పత్రికల్లో గెలుచుకుంటూ వచ్చింది. విశ్వవిద్యాలయాలు తలుపు తీసేసరికి, 1940లో పోయిన ఆ మహానుభావుడు చూడటానికి లేరు. 1936లో ఈ ఊరు ఒడిశాలో కలిస్తే నిరసనగా రాజమండ్రి వెళ్ళిపోయారు కూడా.

అదే 1936లో గుణుపూర్ వైపు కొండల్లో మంగేయ్ గొమాంగో సవర భాషకు సొంత లిపి కట్టారు, సొరాంగ్ సొంపెంగ్. ఇరవై నాలుగు అక్షరాలు, ఒక్కో అక్షరానికి ఒక్కో దేవత. లిపితోపాటు ఒక ఆరాధన మార్గం కూడా వచ్చింది. ఇప్పుడు దాని నడక చూడండి. మార్గంలో ఉన్నవాళ్ళలో అది లోతుగా దిగింది, తరాలు నిలబడింది. కంప్యూటర్ల యూనికోడ్‌లోకి కూడా 2012లో ఎక్కింది. కానీ క్రైస్తవ సవరలు రోమన్ అక్షరాలు వాడతారు, తక్కినవాళ్ళు ఉన్న చోటునుబట్టి ఒడియా లిపో తెలుగు లిపో. లిపిని పట్టి నిలబెట్టిన గుంపే దానికి గట్టు కూడా అయింది. గట్టిగా అల్లుకున్న గుంపులో ఏదైనా బాగా నాటుకుంటుంది, ఆ గుంపు అంచున ఆగుతుంది. ఒకే కారణం, రెండు ఫలితాలు.

ఇంతా చెప్పి, అదృష్టం మాట దాచిపెడితే మోసం. సాల్గానిక్, డాడ్స్, వాట్స్ 2006లో 14,341 మందికి ఎవరూ విననివి 48 పాటలిచ్చారు. జనాన్ని ఎనిమిది లోకాలుగా విడదీసి, ఏ లోకంవాళ్ళకు ఆ లోకంలో ఎవరే పాట డౌన్‌లోడ్ చేసుకున్నారో మాత్రమే కనపడనిచ్చారు. మొదలు అందరికీ ఒకటే. ఒక లోకంలో మొదటి స్థానానికొచ్చిన పాట ఇంకో లోకంలో నలభయ్యోది. మరీ బాగున్నవి మరీ దిగువకు పోలేదు, మరీ చెత్తవి పైకి రాలేదు, మధ్యలోవన్నీ ఎవరు ముందు నొక్కారన్నదాన్నిబట్టి తారుమారు. అందుకే గెలిచినవాటి కథలు విని సూత్రాలు కట్టేవాళ్ళను నేను నమ్మను. గెలుపుకు అదృష్టం కూడా కావాలి, ఆగిపోవడానికి ఒక్క అడ్డం చాలు. అడ్డాన్ని ముందే చూడొచ్చు.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలోంచి ఒక మహిళా సంఘం నాయకురాలు: "మాస్టారూ, మా సంఘం చోళ్ళ (రాగుల) పిండి మిల్లు పెడదామనుకుంటోంది. చోళ్ళు నిలబడతాయా?")

మంచి ప్రశ్నమ్మా. 2017లో ఒడిశా ప్రభుత్వ చిరుధాన్యాల పథకం, మిల్లెట్ మిషన్, మొదలైన ఏడు జిల్లాల్లో మన గజపతి ఒకటి, రాయగడ, కోరాపుట్ కూడా ఉన్నాయి. రెండు సంగతులు విడదీయాలి. పండించడం కొండ రైతుకు కొత్త కాదు, తాతలనాటిది. ప్రభుత్వం మద్దతు ధరకు కొంటున్నంతకాలం దానికి కబురు చాలు, నేల పరీక్ష కూడా ఎప్పుడో అయిపోయింది. కొనుగోలు ఏ ఏడు ఆలస్యమైతే ఆ ఏడే సాగు తగ్గుతుంది, అక్కడ చూసుకోండి. తినడం మాత్రం రెండో రకం. కొండమీద చోడి అంబలి ఎలాగూ ఉంది. పట్నంలో చుట్టాలొచ్చినప్పుడు అంబలి పెట్టడానికి ఇప్పటికీ మొహమాటపడతారు, అది ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగు పెడితేగానీ పోదు. నా అంచనా అడిగితే, పిండి బడికి, అంగన్‌వాడీకి, షుగర్ ఉన్నవాళ్ళ ఇళ్ళకు పోతుంది. పెళ్ళి భోజనంలోకి ఇప్పట్లో రాదు. మిల్లు ఆ మేరకే చిన్నది పెట్టుకోండి. మొదటి ఏడాది అమ్మకం ఊరంతా చల్లకండి, ఒకే వీధిలో అయిదారు ఇళ్ళు పట్టుకోండి, అవీ ఒకరి వంట ఒకరు రుచి చూసే ఇళ్ళయి ఉండాలి. ఆ వీధిలో రెండో నెల ఎంతమంది మళ్ళీ అడిగారో రాసిపెట్టుకోండి. మొదటి నెల అమ్మకం నాకు చెప్పక్కర్లేదు.